హాజరుపట్టీ చెప్పు సాక్ష్యము

బడిలో పాఠమునకు ముందు జరుగు పని పేర్లు పిలుచుట. ఐదు నిమిషములలో ముగియు ఈ పనిని లాంఛనముగా నెంచువారు పలువురు. కాని ఒక పిల్లవాని చదువు కొనసాగునో, మధ్యలో నిలిచిపోవునో ముందుగా తెలుపునవి అప్పుడు పడు గుర్తులే.

ఒక చిన్న లెక్క చూతము. తరగతిలో 40 మంది పిల్లలు. నెలలో 20 పనిదినములు. అందరును ప్రతిదినము వచ్చినచో మొత్తము 800 హాజరులు. నెలాఖరున కూడగా 680 వచ్చినవనుకొందము. అనగా నూటికి 85. చూచుటకు బాగుగనే యున్నది. కాని తక్కిన 120 గైర్హాజరులు ఎవరివి? ఒక్కొక్కరు మూడేసి దినములు మానియుండవచ్చును. జ్వరము, పెండ్లి, జాతర వంటివి అందుకు కారణములు. లేదా 34 మంది దినము తప్పక వచ్చి, ఆరుగురు నెలంతయు రాకయే యుండవచ్చును. సగటు రెండు చోట్లను ఒక్కటియే. అయినను రెండవ తరగతిలో ఆరుగురు బడికి దూరమగుచున్నారు. ఈ భేదమును సగటు చెప్పదు. పేరున కెదురుగా నున్న గడి చెప్పును.

కావున జాలిచేత రానివారికి హాజరు వేయుట వారికి మేలు కాదు. పత్తి ఏరుటకు పోయిన బాలికకు హాజరు పడినచో, ఆమె యేమైనదని యడుగువా రుండరు. మధ్యాహ్న భోజనమునకు ప్రాథమిక తరగతులలో పిల్ల కొకరికి దినమునకు 100 గ్రాముల బియ్యము లెక్క. ఆ ఆరుగురికి లేని హాజరు వేసినచో నెలకు 12 కిలోల బియ్యము లెక్క తప్పును.

ప్రవేశపు రిజిస్టరు సంగతి మరింత గట్టిది. పూర్వము పుట్టిన తేదీ తెలియని పిల్లలకు బడిలో చేరు వయస్సు సరిపోవునట్లు ఏదో యొక జూన్ తేదీ వేయుట పలు గ్రామములలో వాడుక. ఆ తేదీయే పదవ తరగతి సర్టిఫికెట్టు కెక్కి, జీవితాంతము వెన్నంటును. 2015 నాటి బాలల న్యాయచట్టము ప్రకారము వయస్సుపై సందేహము కలిగినప్పుడు మొదట చూడవలసినవి బడి యిచ్చిన జన్మతేదీ పత్రమును, పదవ తరగతి సర్టిఫికెట్టును. ఒక అంకె తప్పైనచో బాలుడు పెద్దవాడుగా పరిగణింపబడు ప్రమాదము గలదు. జనన ధ్రువపత్రము లేదని బడిలో చేర్చుకొనకుండరాదని 2009 నాటి విద్యాహక్కు చట్టము చెప్పుచున్నది. అట్టి పిల్లల విషయమున తలిదండ్రులను ఓపికతో విచారించి వ్రాయుట మరింత అవసరము.

పద్ధతులు కష్టమైనవి కావు. హాజరు ఏ పూటకాపూట, పిల్లవానిని చూచియే వేయవలెను. సాయంకాలము జ్ఞాపకముమీద వేయరాదు. తప్పు పడినచో చెరపక, దిద్దక, ఒక్క గీతతో కొట్టి, ప్రక్కన సరియైనది వ్రాసి, పొడి సంతకము, తేదీ వేయవలెను. ఇప్పుడు సెల్‌ఫోనులో వేయు హాజరునకును కన్నులతో చూచి వేయుట యను నియమమే వర్తించును.

తలిదండ్రులకును ఇందు పాలు కలదు. బిడ్డను చేర్చిన దినముననే పేరు, ఇంటిపేరు, పుట్టిన తేదీ ఎట్లు వ్రాసిరో అడిగి చూచుకొనుడు. నాడు దిద్దుటకు ఒక నిమిషము చాలును. పదవ తరగతి దాటిన పిమ్మట ఆఫీసుల చుట్టు తిరుగవలసి వచ్చును.