బెంటోవర్ రివర్స్ ఫ్లై: బరువుకు, భారానికి మధ్య భేదం

ఉపోద్ఘాతం

భుజానికి గుండ్రని ఆకృతినిచ్చే డెల్టాయిడ్ కండరంలో ముందు, మధ్య, వెనుక అని మూడు భాగాలుంటాయి. దండాలు, బెంచ్ ప్రెస్ వంటి వ్యాయామాలు ఛాతీ కండరాలతో పాటు డెల్టాయిడ్ ముందు భాగాన్ని బలపరుస్తాయి. వెనుక భాగానికి వాటివల్ల కలిగే ప్రయోజనం స్వల్పం. ఆ లోటును పూరించే సాధనల్లో డంబెల్స్‌తో వంగి చేసే రివర్స్ ఫ్లై ఒకటి. ఈ సాధనలో డంబెల్ బరువు పెరిగినంత మాత్రాన కండరంపై భారం పెరగదని యాంత్రికశాస్త్ర దృష్టితో నిరూపించడం ఈ వ్యాస లక్ష్యం.

పాల్గొనే కండరాలు

డెల్టాయిడ్ వెనుక భాగం అంసఫలకం మీది గట్టు వద్ద మొదలై, భుజాస్థి వెలుపలి వైపున నాటుకొని ఉంటుంది. ముందుకు చాచిన చేతిని పక్కకు, వెనక్కు తీసుకుపోవడం దీని ప్రధాన కార్యం. ఆ సమయంలో ట్రపీజియస్ మధ్య భాగం, రాంబాయిడ్ కండరాలు అంసఫలకాలను వెన్నెముక వైపు లాగుతాయి. అందువల్ల ఈ సాధన భుజం వెనుక భాగానికి, వీపు పైభాగానికి ఏకకాలంలో ఉపకరిస్తుంది.

సాధన విధానం

పాదాలను తుంటి వెడల్పున ఉంచి, మోకాళ్లను కొద్దిగా వంచాలి. వెన్నును గుండ్రంగా వంచకుండా తుంటి కీళ్ల వద్ద వంగి, మొండేన్ని నేలకు దాదాపు సమాంతరంగా నిలపాలి. డంబెల్స్ భుజాల కింద వేలాడుతుండగా అరచేతులు ఎదురెదురుగా ఉండాలి. మోచేతుల స్వల్ప వంపును మార్చకుండా చేతులను పక్కలకు భుజాల ఎత్తు వరకు లేపి, క్షణకాలం నిలిపి, నిదానంగా దించాలి. ఎత్తేటప్పుడు శ్వాస విడవడం, దించేటప్పుడు పీల్చడం అనుసరణీయం.

యాంత్రిక విశ్లేషణ

భుజం కీలుపై పనిచేసే టార్క్, డంబెల్ బరువుతో పాటు కీలు నుండి దానికి గల సమతల దూరంపై ఆధారపడుతుంది. చేయి నిలువుగా వేలాడినప్పుడు ఆ దూరం శూన్యం. నేలకు సమాంతరమైనప్పుడు గరిష్ఠం. 4 కిలోల డంబెల్ కీలుకు 0.6 మీటర్ల దూరంలో ఉంటే టార్క్ సుమారు 23.5 న్యూటన్ మీటర్లు. మోచేతిని లంబకోణంలో మడిచి, ముంజేయిని కిందికి వేలాడదీస్తే దూరం 0.3 మీటర్లకు తగ్గుతుంది. టార్క్ కూడా సగమవుతుంది. చేతి సొంత బరువును పక్కనపెడితే, 8 కిలోలతో అలా చేసే సాధకుడి భుజంపై పడే టార్క్, 4 కిలోలతో సక్రమంగా చేసేవాడి భుజంపై పడేదానికి సమానమే.

దోషాలు – సవరణలు

బరువు మితిమీరితే మొండెం ఊపుతో డంబెల్ పైకి లేస్తుంది. కండరం చేయవలసిన పనిని ఆ వేగం చేస్తుంది. మోచేతులు తుంటి వైపు జరిగితే వీపులోని లాటిస్సిమస్ కండరం అధికంగా పనిచేస్తుంది. మొండెం నిటారుగా లేచేకొద్దీ భారం డెల్టాయిడ్ మధ్య భాగానికి మళ్లుతుంది. భుజాలు చెవుల వైపు లేస్తే ట్రపీజియస్ పైభాగం ఆధిక్యం వహిస్తుంది. నడుముపై శ్రమ తగ్గించుకోదలచినవారు ఏటవాలు బెంచీపై ఛాతీ ఆనించి ఇదే సాధన చేయవచ్చు. అప్పుడు మొండేన్ని ఊపే అవకాశమూ తగ్గుతుంది.

ముగింపు

ఈ సాధనలో ప్రగతికి డంబెల్‌పై ముద్రించిన అంకె ఒక్కటే కొలమానం కాదు. మొండెం కోణం, మోచేతి వంపు, దించే వేగం మారకుండా ఉన్నప్పుడే బరువు పెంపు నిజమైన భారవృద్ధి అవుతుంది. ఆ మూడింటిలో ఏ ఒక్కటి చెదిరినా తేలికైన డంబెల్‌కు తిరిగి రావడమే శాస్త్రీయమైన మార్గం.