ఫిజియోథెరపీ సెంటర్‌కు వెళ్తున్నారా? ప్యాకేజీ డబ్బులు కట్టే ముందే ఇవి అడగండి

మోకాలి మార్పిడి ఆపరేషన్ అయినా, పక్షవాతం వచ్చినా, నెలల తరబడి నడుం నొప్పి వేధించినా డాక్టర్ చీటీలో చివరి లైన్ చాలాసార్లు ఒకటే ఉంటుంది: ఫిజియోథెరపీ. ఎన్ని రోజులు, ఎవరి దగ్గర, దేనికోసం అన్నది అందులో ఉండదు. ఇంటివాళ్లు దగ్గర్లోని సెంటర్‌కు తీసుకెళ్తారు. రిసెప్షన్‌లో ప్యాకేజీ చెబుతారు. డబ్బు కట్టి, పది రోజులు కరెంట్ పెట్టించుకుని, ‘తగ్గలేదు’ అని మానేసేవాళ్లు ఎంతోమంది.

ఇప్పుడు హైదరాబాద్, విజయవాడ లాంటి నగరాల్లో ఫిజియోథెరపీతో పాటు ఇంకో మూడు నాలుగు విభాగాలు ఒకే కప్పు కింద పెట్టి ‘మల్టీ డిసిప్లినరీ’ అని బోర్డు పెడుతున్నారు. పద్ధతి మంచిదే. కానీ లోపల ఎవరు ఏం చేస్తారో తెలియకుండా వెళ్తే నలుగురికి ఫీజు కట్టి ఒక్కరి పని కూడా పూర్తిగా చేయించుకోలేం.

లోపల ఎవరెవరు ఉంటారు?

ఫిజియోథెరపిస్టు కీళ్ల కదలిక, కండరాల బలం, నడక, బ్యాలెన్స్ చూస్తారు. ఆక్యుపేషనల్ థెరపిస్టు రోజువారీ పనులు తిరిగి నేర్పిస్తారు. అన్నం ముద్ద నోటిదాకా తీసుకెళ్లడం, కమీజ్ గుండీలు పెట్టుకోవడం, ఒంటి చేత్తో స్నానం చేయడం లాంటివి. స్పీచ్ థెరపిస్టు మాట ఒక్కటే కాదు, మింగడం కూడా చూస్తారు. కృత్రిమ కాలు, కాలిపర్, స్ప్లింట్ తయారుచేసేవాళ్లు వేరు. కొన్ని చోట్ల సైకాలజిస్టు, డైటీషియన్ ఉంటారు. వీళ్లందరినీ కలిపి నడిపించే స్పెషలిస్టు డాక్టర్‌ను పీఎంఆర్ డాక్టర్ అంటారు. ఆయన ఎంబీబీఎస్ తర్వాత పునరావాస వైద్యంలో పీజీ చేసి ఉంటారు.

పక్షవాతం కేసులో ఈ తేడా తెలియకపోతే ప్రమాదమే. మూతి ఒకపక్కకు పోయిన పెద్దాయన ఆసుపత్రి నుంచి ఇంటికి రాగానే బంధువులు చూడ్డానికి వస్తారు. ప్రేమతో చెంచాతో జమ్‌జమ్ నీళ్లు నోట్లో పోస్తారు. మింగే శక్తి దెబ్బతిన్న మనిషికి పల్చటి నీళ్లు కూడా శ్వాసనాళంలోకి పోయి న్యుమోనియా తెచ్చిపెట్టొచ్చు. ఒక్కోసారి దగ్గు కూడా రాకుండానే లోపలికి పోతాయి. కాబట్టి నోటితో ఏం ఇవ్వొచ్చు, ఎంత చిక్కగా ఇవ్వాలి, ఏ భంగిమలో కూర్చోబెట్టి ఇవ్వాలి అన్నది స్పీచ్ థెరపిస్టునో డాక్టర్‌నో అడిగే దాకా ఆగాలి. అలాగే పడిపోయిన చేతిని పట్టుకుని లాగి లేపకూడదు. కండరాలు వదులై ఉన్న భుజం కీలు జారిపోతుంది. చంక కింద కూడా పట్టి ఎత్తొద్దు. ఎలా లేపాలో మొదటి రోజే థెరపిస్టు దగ్గర నేర్చుకోవాలి. ఇంట్లో చూసుకునేది కోడలైతే కోడలే వెళ్లి నేర్చుకోవాలి. సెంటర్‌కు కొడుకు వెళ్లి, ఇంట్లో సేవ కోడలు చేస్తే నేర్పినదంతా దారిలోనే పోతుంది.

పక్షవాతం తర్వాత కోలుకోవడం మొదటి మూడు నెలల్లో ఎక్కువ వేగంగా ఉంటుంది. ఆ తర్వాత కూడా ఉంటుంది, కానీ నెమ్మదిగా. ‘కాస్త బలం వచ్చాక మొదలుపెడదాం’ అని ఇంట్లో పడుకోబెడితే పోయేది ఆ మూడు నెలలే.

ఏ పని తిరిగి కావాలో చెప్పండి

‘నొప్పి తగ్గాలి’ అని మాత్రమే చెబితే థెరపిస్టు నొప్పికే ట్రీట్‌మెంట్ ఇస్తారు. హీట్ ప్యాక్, అల్ట్రాసౌండ్, చిన్న చిన్న కరెంట్ షాకుల్లాంటి ‘టెన్స్’ పెడతారు. వాటితో కాసేపు ఉపశమనం దొరకొచ్చు. కానీ మోకాళ్ల అరుగుదలకైనా, మామూలు నడుం నొప్పికైనా అసలు మందు వ్యాయామం. పడుకోబెట్టి మెషిన్ పెట్టి పంపించేసే సెంటర్ కంటే, చెమట పట్టేలా చేయించే సెంటర్ మేలు.

అందుకే పని పేరుతో చెప్పాలి. ‘సజ్దాలో నుంచి లేవలేకపోతున్నా’, ‘వుజూలో కాలు ఎత్తి కడుక్కుంటుంటే తూలుతున్నా’, ‘రెండో అంతస్తు ఎక్కలేకపోతున్నా’, ‘రైతు బజార్ దాకా నడవలేకపోతున్నా’. ఇలా చెబితే థెరపిస్టు ఆ పనికి ఏ కీలు ఎంత వంగాలి, ఏ కండరానికి బలం కావాలి అని లెక్క వేసుకుంటారు. మోకాలి మార్పిడి తర్వాత మోకాలు సాధారణంగా 110 నుంచి 120 డిగ్రీల దాకా వంగుతుంది. నమాజ్‌లో మడమల మీద కూర్చోవడానికి అంతకంటే బాగా ఎక్కువ వంగాలి. కాబట్టి నేల మీద నమాజ్ సాధ్యమా, ఎంతవరకు ప్రయత్నించొచ్చు అన్నది సర్జన్‌నీ, థెరపిస్టునీ ముందే అడగాలి. కుర్చీ నమాజ్ మసలా ఆలిం దగ్గర తెలుసుకోవాలి గానీ, మోకాలు ఎంత వంచొచ్చు అన్నది మాత్రం వైద్యం తెలిసినవాళ్లే చెప్పాలి.

ఇంట్లో దక్కనీ మాట్లాడే దాదీ, నానీలను తీసుకెళ్తే వాళ్ల నొప్పి వాళ్లనే చెప్పనివ్వండి. ‘సున్’ అయిపోవడం, ‘జలన్’, ‘చుభన్’ ఇవన్నీ వేరు వేరు నొప్పులు. తిమ్మిరి, మంట అంటే నరం సంగతి కావచ్చు. మనవడు మధ్యలో దూరి ‘కాలు నొప్పండీ’ అని ఒక్క ముక్కలో తేల్చేస్తే అసలు విషయం అక్కడే పోతుంది.

దాచకుండా చెప్పాల్సినవి

షుగర్ ఉండి పాదాల్లో స్పర్శ తగ్గినవాళ్లకు హీట్ ప్యాక్ వేడి తెలియదు. చర్మం కాలిపోయాక గానీ చూసుకోరు. కాబట్టి షుగర్ సంగతి మొదటే చెప్పాలి. గుండెకు పేస్‌మేకర్ ఉన్నా, ఒంట్లో రాడ్లు, ప్లేట్లు ఉన్నా, గర్భం ఉన్నా కొన్ని మెషిన్లు వాడకూడదు. రక్తం పల్చబడే మాత్రలు వేసుకునేవాళ్లు గట్టి మసాజ్‌కు, సూదులు గుచ్చే డ్రై నీడ్లింగ్‌కు ముందే ఆ సంగతి చెప్పాలి. ఈ మధ్య హిజామా చేయించుకున్నా, పుత్తూరు కట్టు కట్టించుకున్నా చెప్పాలి. తిడతారేమోనని చాలామంది దాస్తారు. గాటు పూర్తిగా మానని చోట మసాజ్ చేస్తే ఇన్ఫెక్షన్ వచ్చేది మనకే.

రంజాన్‌లో రోజా ఉంటే సెషన్ టైమ్ మార్చమని అడగొచ్చు. ముఖ్యంగా షుగర్ మాత్రలు, ఇన్సులిన్ వాడేవాళ్లు ఖాళీ కడుపుతో కష్టమైన వ్యాయామం చేస్తే షుగర్ పడిపోతుంది. ఇఫ్తార్ తర్వాతి టైమ్ ఇస్తారేమో ముందే మాట్లాడుకోవడం మంచిది.

ఇక మహిళల విషయం. లేడీ థెరపిస్టు కావాలని అడగడంలో మొహమాటం అక్కర్లేదు. ఫోన్‌లోనే, అపాయింట్‌మెంట్ తీసుకునేటప్పుడే అడగాలి. అక్కడికి వెళ్లాక ‘ఆమె ఇవాళ సెలవు’ అంటే ఇబ్బంది. కర్టెన్ మాత్రమే ఉందా, తలుపున్న గది ఉందా, తోడుగా ఒకరు ఉండొచ్చా, ఇవన్నీ అడగొచ్చు. ఏ భాగం చూడాలో, ఎందుకు చూడాలో థెరపిస్టు ముందు చెప్పి, సరే అన్నాకే ముట్టుకోవాలి. వదులైన సల్వార్ వేసుకెళ్తే మోకాలి దాకా పైకి జరుపుకోవచ్చు. బురఖా కింద బిగుతు లెగ్గింగ్ ఉంటే కష్టం. ప్రసవం తర్వాత మూత్రం ఆపుకోలేకపోవడానికి కూడా ఫిజియోథెరపీ ఉంది. సిగ్గుతో సంవత్సరాల తరబడి ఎవరికీ చెప్పని సమస్య ఇది. కటి కండరాల వ్యాయామాలతో చాలామందికి మెరుగవుతుంది.

డబ్బు సంగతి

మొదటి రోజే నెల ప్యాకేజీ కట్టేయడం తెలివైన పని కాదు. ముందు పరీక్ష చేయించుకోండి. ఏం సమస్య, ఏ లక్ష్యం, ఎన్ని వారాలు, మధ్యలో ఎప్పుడు మళ్లీ కొలిచి చూస్తారు అన్నది కాగితం మీద రాయించుకోండి. ఐదారు సెషన్లు విడిగా కట్టి చూశాక ప్యాకేజీ ఆలోచించొచ్చు. కట్టినా, మధ్యలో మానేస్తే మిగతా డబ్బు వెనక్కి ఇస్తారా, సెషన్లు వాడుకోవడానికి గడువు ఎంత అన్నది రసీదు మీదే ఉండాలి. ‘అడ్జస్ట్ చేద్దాం లెండి’ అన్న మాట లెక్కలోకి రాదు.

క్లినిక్‌లో చేసే చికిత్సకు జీఎస్టీ మినహాయింపు ఉంది. బెల్ట్, నీ క్యాప్ లాంటివి కొంటే దానికి పన్ను వేరే. అందుకే సెషన్ ఫీజు మీద జీఎస్టీ వేస్తే ఎందుకని అడగాలి. బిల్లులో ప్రతి సెషన్ తేదీ విడివిడిగా ఉండేలా చూసుకోవాలి.

ఇన్సూరెన్స్ ఉందనుకుని ధీమాగా ఉండొద్దు. ఆసుపత్రిలో చేరకుండా చేయించుకునే ఫిజియోథెరపీకి చాలా పాలసీలు డబ్బు ఇవ్వవు. ఆపరేషన్‌కో, స్ట్రోక్‌కో అడ్మిట్ అయి ఉంటే మాత్రం దారి ఉంది. డిశ్చార్జ్ తర్వాత నిర్ణీత రోజుల ఖర్చు పాలసీలోనే ఉంటుంది. ఆరోగ్య సంజీవని పాలసీలో అది 60 రోజులు. డిశ్చార్జ్ సమ్మరీలో ‘ఫిజియోథెరపీ అవసరం’ అని డాక్టర్‌తో రాయించుకోవడం ఇక్కడే పనికొస్తుంది. ఆ ఒక్క లైన్ లేకపోతే క్లెయిమ్ ఆగిపోవచ్చు. ఇన్సూరెన్స్ లేని 60 ఏళ్లు దాటిన తల్లిదండ్రుల వైద్య ఖర్చుకు పాత పన్ను విధానంలో ఏడాదికి 50,000 రూపాయల దాకా మినహాయింపు ఉంది, కానీ నగదుగా కడితే రాదు. యూపీఐలో కట్టండి.

ఎవరు ముట్టుకుంటున్నారో కూడా డబ్బు కట్టినవాళ్లు అడగొచ్చు. ఇప్పుడు పనిచేస్తున్న ఫిజియోథెరపిస్టులు ఎక్కువమంది చదివింది ఇంటర్న్‌షిప్‌తో కలిపి నాలుగున్నరేళ్ల బీపీటీ. ఫిజియోథెరపిస్టులు, ఆక్యుపేషనల్ థెరపిస్టులు 2021లో వచ్చిన జాతీయ అనుబంధ ఆరోగ్య వృత్తుల చట్టం కిందకు వస్తారు. స్పీచ్ థెరపిస్టుకు రీహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా రిజిస్ట్రేషన్ ఉండాలి. బోర్డు మీద ఒకరి పేరు, లోపల చేసేది ఆరు నెలల కోర్సు కుర్రాడు అయితే ఆ తేడా ఫీజులో కనబడదు, ఒంట్లో కనబడుతుంది.

ఇంటికొచ్చాక

సెంటర్‌లో ఉండేది అరగంట, గంట. మిగతా రోజంతా ఇంట్లోనే. వ్యాయామాలు మీ ఫోన్‌లోనే వీడియో తీయించుకోండి. ఎన్నిసార్లు, రోజుకు ఎన్ని పూటలు అన్నది రాయించుకోండి. కొందరు ఫజర్ తర్వాత ఒకసారి, అసర్ తర్వాత ఒకసారి అని పెట్టుకుంటే మర్చిపోకుండా జరుగుతుంది. మొదట్లో కాస్త నొప్పి మామూలే. మర్నాటికల్లా ముందున్న స్థాయికి వచ్చేస్తే భయం లేదు. మర్నాడు కూడా ఎక్కువే ఉంటే బరువో, సంఖ్యో తగ్గించాలని థెరపిస్టుకు చెప్పాలి. కండరాలకు నిజమైన బలం రావడానికి 6 నుంచి 12 వారాలు పడుతుంది. పది రోజులకే లెక్క తేల్చడం తొందరపాటు.

కొన్ని గుర్తులు కనిపిస్తే మాత్రం సెషన్ ఆపి ఆసుపత్రికే వెళ్లాలి. నడుం నొప్పితో పాటు మూత్రం, మలం మీద అదుపు తప్పినా, తొడల మధ్య స్పర్శ పోయినా, కాలు ఒక్కసారిగా బలం తప్పినా అది ఎమర్జెన్సీ. ఆపరేషన్ తర్వాత ఒక పిక్క వాచి, వేడిగా, నొప్పిగా ఉంటే రక్తం గడ్డ కట్టి ఉండొచ్చు. దాన్ని మసాజ్ చేయకూడదు. జ్వరంతో వెన్ను నొప్పి, కారణం లేకుండా బరువు తగ్గడం ఉన్నా ముందు డాక్టర్.

ఖర్చు భరించలేని కుటుంబాలకు ప్రభుత్వ దారులూ ఉన్నాయి. ఉస్మానియా, గాంధీ లాంటి పెద్దాసుపత్రుల్లో ఫిజియోథెరపీ విభాగాలు ఉన్నాయి. రద్దీ ఎక్కువ, ఉదయాన్నే వెళ్లాలి. పిల్లలకు నడక, మాట ఆలస్యమైతే జిల్లా స్థాయి డీఈఐసీలో 18 ఏళ్ల లోపువాళ్లను ఉచితంగా చూస్తారు. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద పనిచేసే ఈ కేంద్రాల్లో ఫిజియోథెరపీ, స్పీచ్ థెరపీ, సైకాలజీ ఒకే చోట ఉండాలన్నది నియమం. బుద్ధిమాంద్యం ఉన్న పిల్లల కోసం సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో కేంద్ర ప్రభుత్వ సంస్థ ఎన్‌ఐఈపీఐడీ ఉంది. పక్షవాతం వల్లనో, ప్రమాదం వల్లనో వైకల్యం 40 శాతం పైన మిగిలిపోతే యూడీఐడీ కార్డుకు దరఖాస్తు చేసుకోవచ్చు. దానికి కూడా పాత రిపోర్టులు, డిశ్చార్జ్ కాగితాలు కావాలి కాబట్టి మొదటి రోజు నుంచే అన్నీ ఒక ఫైల్‌లో పెట్టండి.