క్రిస్‌మస్ మరునాడు

చార్లెస్ డికెన్స్ 1843 డిసెంబరులో ప్రచురించిన ‘ఎ క్రిస్‌మస్ కారల్’ కథ చదివినవారు బాబ్ క్రాచిట్‌ను మరువలేరు. లండనులో స్క్రూజ్ అనే లోభి దగ్గర, వారానికి 15 షిల్లింగుల జీతంపై పనిచేసే గుమస్తా అతడు. బొగ్గులపెట్టె యజమాని గదిలో ఉంటుంది. గుమస్తా కొవ్వొత్తి మంట దగ్గర చలి కాచుకోవలసిందే. క్రిస్‌మస్‌నాడు సెలవిస్తూ, ఆ ఒక్కరోజు జీతం తన జేబులోనుంచి దోచుకున్నట్లే స్క్రూజ్ వాపోతాడు. మరునాడు మరింత పెందలకడనే రావాలని ఆజ్ఞాపిస్తాడు.

ఆ మరునాటికి, అంటే డిసెంబరు 26వ తేదీకి, ఇంగ్లండు సేవకుల చరిత్రలో ఒక విశిష్టస్థానం ఉన్నది. దానిని ‘బాక్సింగ్ డే’ అంటారు. ముష్టియుద్ధానికీ దానికీ సంబంధం లేదు; బాక్సు అంటే ఇక్కడ పెట్టె. పూర్వం పని నేర్చుకునే కుర్రవాళ్లు చీలిక గల మట్టిముంతను దుకాణంలో ఉంచేవారు. వచ్చిపోయేవారు వేసిన చిల్లర అందులో చేరేది. పండుగకు ముంత పగులగొట్టి పంచుకునేవారు. సామ్యూల్ పెపీస్ 1663 డిసెంబరులో తన చెప్పులు కుట్టేవాని దుకాణంలో కుర్రవాళ్ల పెట్టెలో కొంత వేసినట్లు దినచర్యలో వ్రాసుకున్నాడు. పండుగనాడు దొరల విందుకు చాకిరీ చేసిన సేవకులకు మరునాడు కానుకా, సెలవూ ఇచ్చే వాడుక కూడా ఉండేది. 1871 నాటి చట్టం ఆ దినాన్ని బ్యాంకు సెలవుగా చేసింది. క్రాచిట్ కాలానికి అది ఇంకా పనిదినమే.

మనకీ ఆచారం వింత కాదు. వీథిబడి పంతులు దసరాకు పిల్లలను వెంటబెట్టుకొని ఇంటింటికీ వెళ్లడం, విల్లంబులు పట్టిన పిల్లలు పద్యాలు పాడడం, గృహస్థులు అయ్యవారికి మామూలు, పిల్లలకు పప్పుబెల్లాలు ఇవ్వడం పెద్దలెరిగినదే. అందులో ఆనందమూ ఉన్నది, గురువుపట్ల గౌరవమూ ఉన్నది. కాని స్థిరమైన జీతం లేనందువల్లనే ఆ పంతులు గడప గడపకూ వెళ్లవలసి వచ్చిందన్న చేదునిజం కూడా ఉన్నది. ఇచ్చేవాని మనస్సు బాగుంటే మామూలు, లేకుంటే వట్టిచేయి.

కానుకకున్న ఈ లోపాన్ని లోకం మెల్లగా సవరించుకున్నది. అమెరికాలో చౌక దుకాణాల వర్తకుడు ఎఫ్. డబ్ల్యు. వూల్‌వర్త్ 1899లో తన ఉద్యోగులకు ఏడాది సర్వీసుకు 5 డాలర్ల వంతున, 25 డాలర్లకు మించకుండా, క్రిస్‌మస్ బోనస్ ఇచ్చాడు. పండుగ రద్దీలో పని నిలిచిపోరాదన్న వ్యాపారబుద్ధి దాని వెనుక లేకపోలేదు. ఏండ్ల తరబడి జీతాన్నిబట్టి ఇస్తూ వచ్చిన క్రిస్‌మస్ బోనస్ జీతంలో భాగమే గాని దానం కాదని, కార్మికసంఘంతో సంప్రదించకుండా దానిని మార్చరాదని 1952లో అక్కడి అప్పీలు న్యాయస్థానం ఒకటి తీర్పు చెప్పింది. ఫిలిప్పీన్సులో 1975 నాటి అధ్యక్షశాసనం పదమూడవ నెల జీతాన్ని డిసెంబరు 24లోగా చెల్లించాలన్నది. మన దేశంలో 1965 నాటి బోనస్ చట్టం, తరువాతి సవరణలతో, కనీసపు బోనసును 8.33 శాతంగా నిర్ణయించింది. లెక్కల పంతుళ్లకు చెప్పనక్కరలేదు, అది పన్నెండవ వంతు.

చట్టం ఇంతవరకు రాగలదు, హృదయంలోకి రాలేదు. డికెన్స్ కథలోనే ఫెజ్జివిగ్ అనే యజమాని ఉన్నాడు. స్క్రూజ్ కుర్రతనంలో పని నేర్చినది అతని దగ్గరనే. పండుగ ముందు సాయంత్రం పని కట్టిపెట్టించి, పనివారందరితో కలిసి నాట్యమాడేవాడు. దానికైన ఖర్చు ఏ మూడు నాలుగు పౌన్లో. అయినా యజమాని చూపులో, మాటలో పనివాని బ్రతుకును తేలిక చేయగల శక్తి ఉన్నదని స్క్రూజ్ ముసలితనంలో గ్రహిస్తాడు.

మారిన స్క్రూజ్ పండుగనాడు క్రాచిట్ ఇంటికి పెద్ద టర్కీకోడిని, పేరు చెప్పకుండా పంపుతాడు. అక్కడితో ముగిస్తే అది దానకథ. డికెన్స్ మరునాటి ఉదయందాకా నడిపించాడు. పద్దెనిమిదిన్నర నిమిషాలు ఆలస్యంగా, భయపడుతూ వచ్చిన గుమస్తాకు యజమాని జీతం పెంచుతాడు. మరొక బొగ్గులపెట్టె కొనమంటాడు. ఆ మధ్యాహ్నమే కలిసి కూర్చొని ఇంటి సంగతులు మాట్లాడుకుందామంటాడు.

కోడి ఒక్కపూట విందు. జీతం ఏడాది పొడుగునా అన్నం. ఎదురుగా కూర్చోబెట్టి కష్టసుఖాలడగడం మనిషికి మనిషిచ్చే మర్యాద. ఈ కథను తరగతిలో చెప్పే ఉపాధ్యాయులు కోడి దగ్గర ఆగిపోక, ఆ మరునాటి ఉదయాన్ని కూడా పిల్లలకు చెప్పాలి.