మాటలు లెక్కపెట్టేదెలా?

కథలో, వంటలో రాసి పత్రికలకు పంపాలని ఉబలాటపడే అక్కచెల్లెళ్ళూ! "300 మాటలు మించరాదు" అన్న నిబంధన చూడగానే గుండె గుభేలుమంటోందా? కథలు రాయడం మా వేంపల్లెకు కొత్తేమీ కాదు. వేంపల్లె షరీఫ్ గారి ‘జుమ్మా’ కథలకు 2012లో సాహిత్య అకాడెమీ యువ పురస్కారం వచ్చింది. తంటా అంతా ఈ లెక్క దగ్గరే!

వేలు పెట్టి ఒక్కొక్కటే లెక్కించనక్కర్లేదు. కంప్యూటర్లో ‘వర్డ్’ తెరిస్తే కింది పట్టీలో ఎడమవైపు ఆ అంకె కనిపిస్తుంది. దానిమీద నొక్కితే పేజీలు, పేరాలు కూడా చెబుతుంది. పేరూ చిరునామా లెక్కలోకి రాకూడదంటే, అసలు రచన వరకే మౌస్‌తో ఎంచుకుని చూడండి. ఫోన్లో గూగుల్ డాక్స్ అయితే పైన మూడు చుక్కలు నొక్కితే ‘వర్డ్ కౌంట్’ దొరుకుతుంది.

ఒక్క కిటుకు తెలుసుకోవాలి. ఆ యంత్రానికి తెలుగు రాదు. మధ్యలో ఖాళీ ఉంటేనే ఇంకో మాట. "ఉడికించి పెట్టుకోవాలి" అంటే రెండు, కలిపి రాస్తే ఒకటే! అలాగని అన్నీ అతికించేస్తే సంపాదకులు ఊరుకోరండోయ్. అక్షరాల లెక్కను మాత్రం నమ్ముకోకండి. ‘స్త్రీ’ మనకు ఒక్క అక్షరం, కంప్యూటరు లోపల ఆరు ముక్కలు.

మాటలు ఎక్కువైతే ముందు ‘చాలా’, ‘ఎంతో’లకు కత్తెర వేయండి. వంటలో కొలతల జోలికి మాత్రం పోకండి.