పెట్రోలే తెచ్చే మంచు

చలికాలం పేపర్లకు రోజూ ఉష్ణోగ్రతల వార్తనిచ్చే చింతపల్లి నుంచే వచ్చిందీ ప్రశ్న: "చిన్న విమానాల కార్బురేటర్‌లో మంచు పేరుకుంటుందట. మా మన్యం చలికైతే సరే, బేగంపేటలో శిక్షణ విమానాలకు ఆ భయం దేనికి?"

ఎందుకంటే ఇక్కడ చలి కన్నా తేమ ముఖ్యం. శిక్షణ విమానం సెస్నా 152లో కార్బురేటర్ చేసేది పాత స్కూటర్లో చేసే పనే. ఇరుకు గొంతులో గాలి వేగం పుంజుకుంటుంది, పీడనం తగ్గుతుంది, పెట్రోలు తుంపరలుగా లోపలికి వస్తుంది. చాలామంది బెర్నూలీ సూత్రం పేరు చెప్పి నేరమంతా ఆ గొంతు మీదికే నెట్టేస్తారు. అక్కడ గాలి చల్లబడే మాట నిజమే కానీ అది చిల్లర. అసలు దొంగ పెట్రోలు!

ఇంజెక్షన్‌కు ముందు రాసే స్పిరిట్ చర్మాన్ని చల్లబరిచినట్టే, ఆవిరయ్యే పెట్రోలు గాలిలోని వేడిని లాగేస్తుంది. లెక్క వేద్దాం. కిలో పెట్రోలు ఆవిరి కావడానికి సుమారు 350 కిలోజౌళ్ల వేడి కావాలి. ఇచ్చేదెవరు? దాని వెంట వచ్చే 15 కిలోల గాలి. కిలో గాలి ఒక డిగ్రీ చల్లబడితే వచ్చేది ఒక్క కిలోజౌలే. భాగించండి, 23 డిగ్రీలు! పెట్రోలంతా అక్కడే ఆవిరి కాదు, గాలిలోని తేమ నీరవుతూ కొంత వేడి తిరిగిస్తుంది కూడా. అయినా మిగిలే చల్లదనం తక్కువదేం కాదు. ఉష్ణోగ్రత 21 డిగ్రీల లోపు, తేమ 80 శాతం పైన ఉంటే ముప్పు ఎక్కువని, 38 డిగ్రీల ఎండలోనూ మంచు పట్టొచ్చని అమెరికా విమానయాన సంస్థ ఎఫ్ఏఏ పైలట్లకు చెబుతుంది. కాబట్టి ఆగస్టు ముసురులో హైదరాబాద్‌నూ నమ్మలేం. పొగమంచు కమ్మిన పన్నెండు డిగ్రీల చింతపల్లి ఉదయమైతే చెప్పనే అక్కర్లేదు. అదే మైనస్ ఇరవైలో ఈ బెడద తక్కువ. గాలిలో తేమే ఉండదు, ఉన్న కాస్తా పొడి రవ్వలై ఇంజన్లోకి జారిపోతుంది.

శిక్షణలో దిగడం, లేవడం, మళ్లీ దిగడం. దిగేటప్పుడు కార్బురేటర్‌లో గాలిని అదుపు చేసే థ్రాటిల్ రేకు దాదాపు మూసుకుపోతుంది. మిగిలిన సన్నని సందును పూడ్చడానికి పిసరంత మంచు చాలు. ఇంజన్ ఎలాగూ మెల్లగా తిరుగుతోంది కనుక తేడా తెలియదు. మళ్లీ లేవాలని థ్రాటిల్ తోసినప్పుడు తెలుస్తుంది, ఇంజన్ పలకదు.

అందుకే థ్రాటిల్ తగ్గించే ముందే 'కార్బ్ హీట్' నాబ్ లాగమంటారు. సైలెన్సర్ చుట్టూ వేడెక్కిన గాలి లోపలికి వచ్చి మంచును కరిగిస్తుంది. మంచు అప్పటికే పట్టి ఉంటే ఆ నీళ్లు మింగి ఇంజన్ మరింత దగ్గుతుంది, ఆర్‌పీఎం ఇంకా పడుతుంది. కొత్త విద్యార్థి హడలిపోయి నాబ్‌ను వెనక్కి తోసేస్తాడు. చేయకూడనిది సరిగ్గా అదే! పోనీ ఇంజన్ ఆగాక లాగితే, వేడి ఎక్కడిది?

ప్రమాదం జరిగాక దర్యాప్తు చేసేవాళ్ల తిప్పలు వేరు. కార్బురేటర్ విప్పేసరికి మంచు కరిగిపోయి ఉంటుంది. ఇక ఆ రోజు ఉష్ణోగ్రత, తేమ లెక్కలే దిక్కు.

ఫ్యూయల్ ఇంజెక్షన్ ఇంజన్లలో పెట్రోలును వేడి సిలిండర్ వాకిట్లోనే చిమ్ముతారు కనుక ఈ తంటా లేదు. 2020లో బీఎస్-6 నిబంధనలతో మన కొత్త బైకులు కూడా చాలావరకు అటు మారిపోయాయి. తయారీ 1985లోనే ఆగిపోయిన 152లు మాత్రం ఇంకా పైలట్లను తయారుచేస్తూనే ఉన్నాయి, ఆ నాబ్ సహా.