నేల వేడిని చదివే క్వాంటం బావులు

పొయ్యి మీది నుంచి దించిన పెనం ఎర్రగా మెరవదు. అయినా దగ్గరకు చేయి చాపితే వేడి తగులుతుంది. ఆ వేడిని మన దాకా మోసుకొచ్చే వాటిలో ముఖ్యమైనవి పరారుణ కిరణాలు. 1800లో విలియం హెర్షెల్ అనే ఖగోళ శాస్త్రజ్ఞుడు సూర్యకాంతిని పట్టకంతో రంగులుగా విడదీసి, ఎరుపునకు అవతల, వెలుగేమీ కనిపించని చోట ఉష్ణమాపకాన్ని ఉంచాడు. అక్కడా ఉష్ణోగ్రత పెరిగింది. ఆ విధంగా ఈ కిరణాల ఉనికి లోకానికి తెలిసింది.

మన శరీరం, ఇంటి గోడ, పొలంలోని మట్టి అన్నీ రేయింబవళ్లు ఈ కిరణాలను వెలువరిస్తూనే ఉంటాయి. వాటి తరంగదైర్ఘ్యం ముఖ్యంగా 10 మైక్రాన్ల ప్రాంతంలో ఉంటుంది. మన చేతిలోని ఫోన్ కెమెరా వాటిని చూడలేదు. అందులోని సిలికాన్‌లో ఎలక్ట్రాన్‌ను కదిలించడానికి కావలసిన శక్తిలో దాదాపు తొమ్మిదో వంతు మాత్రమే ఆ కిరణాలకు ఉంటుంది.

బావి లోతే కొలబద్ద

ఈ చిక్కును విప్పినవే క్వాంటం బావులు. గాలియం ఆర్సెనైడ్ అనే అర్ధవాహకాన్ని మీటరులో వంద కోట్ల వంతుకు నాలుగైదు రెట్లంత పలుచని పొరగా పరుస్తారు. దానికి అటూ ఇటూ అల్యూమినియం కలిసిన పొరలు గట్లుగా నిలుస్తాయి. నడుమ చిక్కిన ఎలక్ట్రాన్ బావిలో పడిన వస్తువు వంటిది. తగిన శక్తి గల కిరణం తాకినప్పుడే అది గట్టు దాటి విద్యుత్ ప్రవాహంగా మారుతుంది. పొర మందాన్ని, అల్యూమినియం పాలును మార్చితే, ఏ తరంగదైర్ఘ్యాన్ని పట్టాలో మనమే నిర్ణయించవచ్చు. 1987లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో బారీ లెవిన్ బృందం ఇటువంటి గ్రాహకాన్ని చేసి చూపింది. వేర్వేరు కొలతల బావులను ఒకదానిపై ఒకటి పేర్చితే ఒకే గ్రాహకం రెండు మూడు తరంగదైర్ఘ్యాలను విడివిడిగా చూడగలదు.

రెండు చూపులు ఎందుకు?

ఆకాశం నుంచి నేలను చూసినప్పుడు, నడుమనున్న నీటి ఆవిరి కొంత కిరణాన్ని మింగివేస్తుంది. ఒకే తరంగదైర్ఘ్యంతో చూస్తే నేల నిజంగా చల్లగా ఉన్నదో, గాలి వేడిని హరించిందో తేల్చలేము. నీటి ఆవిరి 11 మైక్రాన్ల దగ్గర కంటే 12 మైక్రాన్ల దగ్గర ఎక్కువగా మింగుతుంది. కనుక రెండింటి తేడాను బట్టి గాలి ఎంత హరించిందో లెక్కగట్టవచ్చు.

2013లో ప్రయోగించిన ల్యాండ్‌శాట్ 8 ఉపగ్రహం ఈ పని చేస్తున్నది. అందులో మూడు క్వాంటం బావి పలకలు, ఒక్కొక్కదానిలో 640 × 512 గ్రాహకాలు ఉన్నాయి. వాటిపై అమర్చిన వడపోతలు ఈ రెండు తరంగదైర్ఘ్యాలను వేరు చేస్తాయి. అది చూసే ఒక్కో చుక్క నేలపై 100 మీటర్ల చదరం, అంటే సుమారు రెండున్నర ఎకరాలు.

నీటి తగవులో సాక్షి

నీరందిన పైరు ఆకుల ద్వారా ఆవిరిని విడుస్తూ చల్లగా ఉంటుంది. నీరందనిది వేడెక్కుతుంది. ఈ తేడా ఆధారంగా ఏ పొలం ఎంత నీరు వాడుకున్నదో అంచనా కట్టవచ్చు. నదీజలాల కొరత గల పశ్చిమ అమెరికా రాష్ట్రాలకు ఈ లెక్క ఎంతో విలువైనది. ల్యాండ్‌శాట్ 8 తొలి ప్రణాళికలో వేడిని కొలిచే పరికరం లేకపోగా, ఆ రాష్ట్రాలు దాని కోసం గట్టిగా కోరాయి. పొరుగువాని వాటా ఎంతో తెలియనప్పుడు బలవంతునిదే మాట అవుతుంది. కొలత ఉన్నప్పుడు బలహీనుడు కూడా లెక్క అడగగలడు.

లోపాలూ ఉన్నాయి. ఈ పలకలను సున్నాకు దిగువన 230 డిగ్రీల చలిలో ఉంచాలి. మేఘాలు అడ్డువస్తే నేల కనిపించదు. ల్యాండ్‌శాట్ 8లో పక్కల నుంచి చొరబడిన కిరణాలు కొలతలను కొంత చెదరగొట్టాయి. 2021లో ప్రయోగించిన ల్యాండ్‌శాట్ 9లో దానిని సరిదిద్దారు.

ఈ ఉపగ్రహాల్లో ప్రతి ఒక్కటీ 16 రోజులకొకసారి మన కృష్ణా, గోదావరి డెల్టాల మీదుగానూ సాగిపోతుంది. వాటి చిత్రాలు ఎవరికైనా ఉచితం. కాలువ చివరి రైతుకు నీరు చేరిందా లేదా అన్న ప్రశ్నకు జవాబు వెదకడానికి మనకూ ఒక ఆధారం అందుబాటులో ఉన్నది. దానిని చదవడం మన పిల్లలు నేర్చుకోవాలి.