ఎడారి చుట్టము

మణుగూరు వంటి అడవియంచు సీమలలో, మెట్టచేలపై సంజచీకట్లు ముసురుకొనగానే, గట్టు ప్రక్కనున్న బొరియనుండి ఒక చిన్ని ప్రాణి తల యెత్తి చూచును. అది యిండ్లలో తిరుగు ఎలుక కాదు. పెద్ద నల్లని కన్నులు, లేత గోధుమవన్నె వీపు, తెల్లని పొట్ట, దేహముకంటె పొడవైన తోక, ఆ తోక చివర నల్లని కుచ్చు దాని గుర్తులు. దీనిని జెర్బిల్ అందురు. శాస్త్రనామము టటేరా ఇండికా. 1807లో హార్డ్‌విక్ అను ఆంగ్ల సైనికాధికారి దీనిని శాస్త్రలోకమునకు తొలుత వర్ణించి చెప్పెను.

జెర్బిల్ కుటుంబము ఆఫ్రికా, ఆసియా ఖండముల ఎడారులకు పేరెన్నికగన్నది. థారు ఎడారిలోని దీని జ్ఞాతి పగటివేళ సంచరించును, ఇది రాత్రించరము. గోదావరి చెంత నీటికి కొదువ లేకున్నను, ఎడారి నేర్పిన పొదుపును ఇది మఱువలేదు. దీని మూత్రపిండములు నీటిని వృథా పోనీయక, మిక్కిలి చిక్కని మూత్రమునే వెలికి పంపును. కావున గింజలలోని తేమతోడను, ఆహారము జీర్ణమగునపుడు దేహమున పుట్టు నీటితోడను చాలకాలము జీవింపగలదు. మండువేసవి పగళ్లు చల్లని బొరియలోనే గడచును. ఆ బొరియకు ద్వారములు పెక్కు. పాము ఒక దారిని జొరబడిన, ఇది వేఱొక దారిని దుమికి పోవును.

గింజలు, వేళ్లు, పురుగులు దీని యాహారము. అందుచేత రైతునకు ఇది పగఱు. నెల్లూరు సీమ యానాదులు కుండలో గడ్డి రాజవేసి, బొరియలోనికి పొగ యూది ఎలుకలను పట్టుదురు. లోపల దాచిన ధాన్యమును త్రవ్వి తీసికొందురు.

భయము ధాన్యముతో తీఱదు. ప్లేగు ఎలుకలనుండి మనుష్యులకు గోమారుల మూలమున సోకునని 1898లో కరాచీలో సైమండ్ అను ఫ్రెంచి వైద్యుడు నిరూపించెను. దక్షిణదేశమున ఆ వ్యాధిబీజము ఈ పొలముల జెర్బిళ్లలో మఱుగున నిలిచియుండునని తరువాతి పరిశోధకులు కనుగొనిరి.

అట్లని విషము చల్లుటయే తరుణోపాయమా? విషము తిన్న ఎలుకను తిన్న గుడ్లగూబయు అపాయమున పడవచ్చును. ఈ ప్రాణికి దట్టమైన యడవి గిట్టదు, బయలే యిష్టము. అడవి కొట్టి చేను చేసినకొలది దీనికి చోటు పెరుగును. తొఱ్ఱమ్రాను కూలినకొలది గుడ్లగూబకు గూడు తఱుగును. పొలముగట్టున ఒక ముదుసలి చెట్టును నిలుపుకొన్న రైతు, జీతమడుగని కావలివానిని నిలుపుకొన్నవాడే.